వీరవేణికి ముప్పై తొమ్మిదో ఏడు

కాకినాడ రక్తనాళ పరిశోధన కేంద్రం మూడో అంతస్తులో, పధ్నాలుగో నంబరు గాజుగిన్నెలో లోవకుమారి తల్లి మెదడు నరం కొట్టుకుంటూ ఉండేది. తల్లి వీరవేణి పోయి అప్పటికి తొమ్మిదేళ్లయింది.

రోజూ పొద్దున ఎనిమిదింటికి లోవ డ్యూటీకి వచ్చి, చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని ముందు ఆ గిన్నె దగ్గరికే వెళ్లేది. గుర్రపు వెంట్రుకంత లావున, బెత్తెడు పొడవున, మధ్యలో రెండు వంపులు తిరిగిన గొట్టం అది. పక్కనున్న పంపు నుంచి లేత గులాబీ రంగు ద్రవం లోపలికి వెళ్తుంటే ఉబ్బుతూ, తగ్గుతూ ఉండేది. "లేచావా అమ్మా" అని మనసులో పలకరించి, ఆ తర్వాతే మిగతా గిన్నెల పని మొదలుపెట్టేది. పైకి మాత్రం ఎప్పుడూ అనలేదు. పక్కవాళ్లు నవ్వుతారని భయం.

ఆ నరాలు మొలిపించే పద్ధతి డాక్టర్ రఫియాది. గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా కాకినాడలోనే ఉండిపోయిన మనిషి ఆమె. చెంచాడు నెత్తురు ఇస్తే చాలు, ఆ మనిషి మెదడులో ఎలాంటి నరం ఉంటుందో అలాంటిదే గిన్నెలో పెంచేది. కాస్త వేడి పెంచితే ఆ నరానికి వారానికి ఒక ఏడాది వయసు వచ్చేది. చల్లబరిస్తే వయసు ఆగిపోయేది. పాతికేళ్ల మనిషికి యాభయ్యో ఏట నరం చిట్లేటట్టుంటే, ఆ సంగతి గిన్నెలో ఆరు నెలల్లో తెలిసిపోతుందని ఆమె నమ్మకం. నరాల గోడని గట్టిపరిచే మందు కూడా ఆ గిన్నెల్లోనే తయారవుతోంది. అది మనుషుల దాకా రావడానికి ఇంకా నాలుగైదేళ్లు పడుతుంది.

వీరవేణి నరం ముప్పై రెండేళ్ల దగ్గర ఆగి ఉంది. పదహారేళ్ల కిందట ఓడపాలెంలో పెట్టిన వైద్య శిబిరంలో ఆమె నెత్తురు ఇచ్చింది. అప్పుడు ఆమె వయసు అదే. ఆ రోజు ఇచ్చిన మిగతా వాళ్ల నెత్తురు పాడైపోయింది. వీరవేణిది ఒక్క బొట్టు మిగిలింది. ఆ బొట్టుతో మొలిచిన నరం అదొక్కటే. దాన్ని ముందుకు నడిపిద్దామని డాక్టర్ రఫియా ఎప్పుడన్నా కదిపితే, "ఇంకొన్నాళ్లు ఆగుదాం మేడం" అనేది లోవ. ఎందుకని ఆమె అడిగేది కాదు.

ఓడపాలెం తాళ్లరేవు దగ్గర ఉప్పుటేరు పక్కన ఉంది. అక్కడి వాళ్లు చెక్క పడవలు కడతారు. ఊళ్లో సగం ఇళ్లు లోవ అమ్మమ్మ నూకరత్నం వైపు బంధువులవే. ఆ ఇళ్లల్లో నలభై దాటేసరికి ఎవరో ఒకరికి చెయ్యి పడిపోవడమో, మూతి వంకరపోవడమో, వీరవేణిలాగా మనిషే పోవడమో మామూలైపోయింది. "గాలి కొట్టింది" అనేవారు. పావురం నెత్తురుతో మర్దనా చేసే మనిషి పక్క ఊళ్లో ఉన్నాడు. ముందు అక్కడికి, ఆ తర్వాతే ఆస్పత్రికి. నూకరత్నానికి కూడా యాభై రెండో ఏట గాలి కొట్టింది. కుడి చెయ్యి స్వాధీనంలో లేదు. మాట ముద్దగా వస్తుంది, కానీ ఆవిడ మాట్లాడడం మాత్రం మానలేదు.

ఆ ఏడు వేసవిలో ఒక ఆదివారం డాక్టర్ రఫియా, లోవ ఓడపాలెం వెళ్లారు. సగం కట్టిన పడవ నీడలో జనం కూర్చున్నారు. కొత్తగా నెత్తురు కావాలని, కనీసం ముప్పై మంది ఇస్తే మందు పని తొందరగా అవుతుందని డాక్టర్ రఫియా చెప్పింది.

పడవల మేస్త్రి గంగాచలం లేచాడు. ఊళ్లో ఆయన మాటకి విలువ ఉంది. లోవకి వరసకి మావయ్య.

"మేడంగారూ, మీరు మంచోరండి. మా లోవ మీ కాడ పని సేత్తంది, మాకు గర్వంగానే ఉందండి. కానీ మా హర్షితకి యానాం సమ్మంధం ఎందుకు తప్పిపోయిందో తెలుసాండీ? ఓడపాలెం పిల్లలకి నరాల జబ్బంట కదా అన్నారండి. ఇప్పటిదాకా అది నోటి మాటే. మీరు కాయితం మీద రాసిచ్చేరనుకోండి, ఇంక మా ఆడపిల్లల్ని ఎవడు సేసుకుంటాడండీ?"

"కాగితం మీకే ఇస్తాం, ఇంకెవరికీ చూపించం" అంది డాక్టర్ రఫియా.

"ఊళ్లో గుట్టు దాగుద్దాండీ" అని వెనక నుంచి ఒకామె నవ్వింది. "అయినా మందే లేనప్పుడు తెలుసుకుని ఏం సేత్తాం? రేపు పోతానని తెలిసినోడికి ఇవాళ అన్నం దిగుద్దాండీ?"

ఆ వెంటనే గంగాచలం అసలు ప్రశ్న వేశాడు.

"ఇంకోటండి. మీ గాజుగిన్నె నిజమే సెప్తందని ఏంటి నమ్మకం? నేను పడవ కట్టేక నీళ్లల్లో దింపి సూపిత్తానండి. కారితే నా తప్పు, తేలితే నా పని. మీరేం సూపిత్తారు?"

డాక్టర్ రఫియా లోవ వైపు చూసింది. లోవ తల వంచుకుంది. దానికి జవాబు ఉందని ఇద్దరికీ తెలుసు. ముందు నెత్తురు ఇచ్చి, తర్వాత మెదడులో నరం చిట్లి చనిపోయిన మనిషి వాళ్లకి తెలిసినంతలో ఒక్కతే. ఏ వయసులో పోయిందో తెలుసు. నరం ఎక్కడ చిట్లిందో ఆస్పత్రిలో తీసిన స్కాన్ ఫిల్ములో ఉంది. పధ్నాలుగో గిన్నెని ముప్పై తొమ్మిదో ఏటి దాకా నడిపిస్తే నిజమో కాదో తేలిపోతుంది.

తిరిగి వెళ్లేటప్పుడు బండి ఎక్కుతూ డాక్టర్ రఫియా, "నేను అడగనమ్మా. ఆ గిన్నె విషయంలో సంతకం పెట్టాల్సింది మీ ఇంటి వాళ్లు" అంది.

ఆ సాయంత్రం లోవ అమ్మమ్మకి అంతా చెప్పింది. "దాన్ని మళ్లీ సంపుతారంటావా?" అంది నూకరత్నం.

"అది అమ్మ కాదు అమ్మమ్మా. ఉత్త నరం."

"మరి నువ్వెందుకే ఏడుత్తన్నావు?"

నూకరత్నం ఎడమ చేత్తో మనవరాలి ముఖం తుడిచి, "నన్నోపాలి తీసుకెళ్లు. నేను సూసుకుంటాను" అంది.

రెండు రోజుల తర్వాత నూకరత్నం ఉతికిన చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని, పెళ్లివారింటికి వెళ్తున్నట్టు తయారై కాకినాడ వచ్చింది. లిఫ్టు అంటే భయపడి మూడంతస్తులూ మెట్లెక్కింది. లోవ ఆమెని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి, భూతద్దం కళ్లకి సరిచేసింది.

నూకరత్నం చూసింది. కదలకుండా చూస్తూనే ఉంది.

"పురిట్లో ఉన్నప్పుడు దీని మాడు మీద సెయ్యేత్తే ఇలాగే కొట్టుకునేదే" అంది మెల్లిగా. "మెత్తగా... ఇలాగే. మూసుకుపోయేదాకా రోజూ నూనెంటేదాన్ని."

డాక్టర్ రఫియా కిటికీ వైపు తిరిగి నిలబడింది. నూకరత్నం గాజు మీద ఒక వేలు ఆనించి కాసేపు ఉంచి, "ఏదీ, కాయితం ఇయ్యి" అంది. ఎడమచేతి బొటనవేలు ముద్ర వేస్తూ ఒక్కటే షరతు పెట్టింది. "లోవే సూసుకోవాల. వేరేవోళ్ల సేతికి ఇవ్వకండమ్మా."

లోవ పధ్నాలుగో గిన్నెకి వేడి పెంచింది. ముప్పై మూడు, ముప్పై నాలుగు. వారం వారం నరానికి వయసు వచ్చేది. గోడలు పల్చగా ఉన్నాయని, ఓడపాలెం నెత్తురులో ఉన్న లోపం అదేనని పరికరాలు చూపించాయి. కానీ నరం మామూలుగానే కొట్టుకుంటోంది. ముప్పై తొమ్మిదో ఏటి వారం వచ్చేసరికి గంగాచలం, ఇద్దరు ఆడవాళ్లు పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. టిఫిన్ డబ్బాలు కూడా తెచ్చుకున్నారు. ఆ వారంలో నాలుగు రోజులు వచ్చారు. ఏమీ జరగలేదు.

నలభై వచ్చింది. నలభై ఒకటి.

"సూసేరాండీ" అన్నాడు గంగాచలం. ఆయన గొంతులో గెలిచిన సంతోషం లేదు. "మా ఈరవేణి ముప్పై తొమ్మిదికే ఎల్లిపోయింది. మీ గిన్నెలో అది నిచ్చేపంగా ఉంది. మీరేం అనుకోకండి. పడవ తేల్లేదండి." డబ్బాలు సర్దుకుని వాళ్లు వెళ్లిపోయారు.

డాక్టర్ రఫియా ఆ రోజు తొందరగా ఇంటికి వెళ్లిపోయింది. ఇన్నేళ్ల పని తప్పని తేలినట్టే. లోవకి మాత్రం దిగులు వేయలేదు. అమ్మకి నలభై ఒకటి వచ్చింది. బతికుండగా చూడని వయసు. క్యాంటీన్‌లో రెండు కాజాలు కొనుక్కుని ఒక్కతే తింది. తింటుంటే తనకి తనే సిగ్గనిపించింది.

నలభై రెండో ఏటి వారంలో డాక్టర్ రఫియా నివేదిక రాయమంది. పాత శిబిరం కాగితాలు కావాల్సి వచ్చి లోవ బీరువా తెరిచింది. అడుగున అంచులు పసుపెక్కిన కార్డు ఒకటి దొరికింది. పేరు వీరవేణి. వయసు ముప్పై రెండు. బరువు నలభై తొమ్మిది. బీపీ నూట డెబ్భై బై నూట పది.

లోవ అలాగే కుర్చీలో కూర్చుండిపోయింది. గిన్నెల పంపులన్నీ ఒకటే లెక్కన నడుస్తాయి, నూట ఇరవై బై ఎనభై. మామూలు మనిషి బీపీ. అమ్మ నరాన్ని ఇన్ని వారాలూ అమ్మది కాని నెత్తురు పోటుతో నడిపించారు. అమ్మ బీపీ మాటే ఎవరికీ తట్టలేదు.

పంపు పెంచితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. పెంచకపోతే అమ్మకి నలభై మూడు వస్తుంది, యాభై వస్తుంది, జుట్టు నెరిసే వయసూ వస్తుంది. ఈ కార్డు సంగతి ఇంకెవరికీ తెలియదు. లోవ దాన్ని మళ్లీ ఫైలులో పెట్టి, బీరువా మూసి, ఇంటికి బయల్దేరింది.

ఓడపాలెంలో బస్సు దిగేసరికి గంగాచలం కూతురు హర్షిత అరుగు మీద కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్ల పిల్ల. నుదుటికి గుడ్డ గట్టిగా బిగించి కట్టుకుంది.

"ఏమైందే?"

"తలనొప్పి వదినా. రోజూ సాయంత్రం ఇంతే. అమ్మ ఎండ అంటది. నాన్నేమో పెళ్లి బెంగ అంటాడు" అని నవ్వబోయి, నవ్వితే నొప్పి పెరిగి ఆగిపోయింది.

లోవ కాసేపు ఆమె పక్కన కూర్చుంది. ఇంటికి వెళ్లాక అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున్నే బీరువా తెరిచి, కార్డు తీసుకెళ్లి డాక్టర్ రఫియా బల్ల మీద పెట్టింది.

డాక్టర్ రఫియా కార్డు చదివి, లోవ ముఖంలోకి చూసింది. "ఎప్పుడు దొరికింది?"

"నిన్న మేడం."

"నిన్న" అని ఆమె మళ్లీ అంది. కుర్చీ లోంచి లేచి లోవ భుజం మీద చెయ్యి వేసింది. "నేను తిప్పనా పంపు?"

"వద్దు మేడం. అమ్మమ్మకి మాటిచ్చాం కదా."

లోవే పంపు పెంచింది. కొంచెం కొంచెంగా, నూట డెబ్భై బై నూట పది దాకా. నరం ముందుకంటే గట్టిగా ఎగిరెగిరి కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఈసారి పొద్దున్న పలకరింపు పైకే వచ్చేసింది. "లేచావా అమ్మా." పక్కవాళ్లు ఎవరూ నవ్వలేదు.

ఆ కార్డు రాసిన తర్వాత వీరవేణి ఆ పోటుతోనే ఏడేళ్లు బతికింది. గిన్నెలో అయితే అది ఏడు వారాలు. ఐదో వారంలో రెండో వంపు దగ్గర గోడ బుడగలా పొంగింది. ఆరో వారం చివర్లో డాక్టర్ రఫియా ఓడపాలెం కబురు పంపింది. నూకరత్నం వచ్చింది. గంగాచలం వచ్చాడు. మొదట వచ్చిన ఇద్దరు ఆడవాళ్లూ, ఇంకో నలుగురూ వచ్చారు. మంచం చుట్టూ కూర్చున్నట్టు గిన్నె చుట్టూ కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఎవరో చిన్నగా వీరవేణి సంగతులు ఎత్తారు. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఎంత వేగంగా నడిచేదో, బేరంలో ఎంత గట్టి మనిషో, బస్సులో కండక్టరుతో ఎలా దెబ్బలాడేదో. నవ్వుకున్నారు కూడా.

రెండో రోజు పొద్దున పది దాటాక నరం ఒక్కసారి జర్రున వణికింది. గులాబీ రంగు గిన్నె నీళ్లలో పొగలా వ్యాపించింది. కొట్టుకోవడం ఆగింది.

లోవ పంపు కట్టేసింది. డాక్టర్ రఫియా స్కాన్ ఫిల్మును దీపానికి ఎత్తి పట్టుకుంది. గంగాచలం ఫిల్ము చూశాడు, భూతద్దంలో చూశాడు, మళ్లీ ఫిల్ము చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"రెండో ఒంపు" అన్నాడు. "అదే సోటండి."

కాసేపటికి ఆయనే మళ్లీ, "మేడంగారూ, మరి ఆ బీపీ మామూలుగా ఉండుంటే?" అన్నాడు.

"మీరు చూశారుగా గంగాచలంగారూ. నలభై రెండేళ్ల దాకా నిక్షేపంగా ఉంది. మీరే కాదా ఆ మాట అంది? ఈ లోపం ఉన్నవాళ్ల గోడలు పల్చన. కానీ పల్చగా ఉన్నంత మాత్రాన చిట్లవు. పోటు ఎక్కువైతే చిట్లుతాయి. కొత్త మందు వచ్చేదాకా ఆ పోటుని అదుపులో పెడితే చాలామందికి గండం తప్పుతుందని నాకు అనిపిస్తోంది. దానికి బీపీ మాత్ర ఇప్పటికే ఉంది. మీ ఊరి ఆస్పత్రిలోనే ఇస్తారు."

ఆ మాట గదిలో అందరికీ ఒకేసారి అర్థమైంది. అందరూ నూకరత్నం వైపు చూశారు. నూకరత్నం ఎవరి వైపూ చూడలేదు. "పద లోవా, ఇంటికెళ్దాం" అని లేచింది.

ఇంటికొచ్చాక నూకరత్నం అరుగు మీద కూర్చుని, పొద్దు వాలుతుంటే అడిగింది.

"అయితే బతికేదేనంటావా?"

అబద్ధం చెప్పాలని లోవకి అనిపించింది. అమ్మమ్మ కళ్లు చూసి చెప్పలేకపోయింది. "బతికేదేమో అమ్మమ్మా. మాత్ర వేసుకునుంటే."

"నేనే... ఆ రోజు ముందు పావురమోడి కాడికి తీసుకెళ్లేను. తల పగిలిపోతందే అమ్మా అని ఏడుత్తంటే..." ముద్దమాట మరీ ముద్దయిపోయింది. ఎడమ చేత్తో కుడి చేతిని కొట్టుకోబోతే లోవ పట్టుకుని ఆపింది.

"ఆ రోజు కాదే అమ్మమ్మా! ఏడేళ్లుగా ఉందది. కార్డు మీద రాసిన వాళ్లు కూడా మందేసుకోమని చెప్పలేదు. ఆ కార్డు మా బీరువాలోనే పడుంది ఇన్నాళ్లూ. నీ ఒక్కదాని తప్పంటే నేనొప్పుకోను."

నూకరత్నం మనవరాలి భుజం మీద తల ఆనించి ఏడ్చింది. తొమ్మిదేళ్ల కిందట శవం దగ్గర కూడా అంతగా ఏడవలేదు. లోవ ఆవిడ వీపు రాస్తూ కూర్చుంది. ఏడుపు నెమ్మదించాక నూకరత్నం కొంగుతో ముక్కు తుడుచుకుని మనవరాలి గడ్డం పట్టుకుంది.

"మరి నీకో?"

"తెలీదు."

"గిన్నెల కాడే కూకుంటావు, నీది సూసుకోలేదా?"

"భయమేసింది అమ్మమ్మా."

"నాకూ భయమే" అంది నూకరత్నం. "అయినా తెలుసుకో. నీ సంగతి తెలీకుండా ఇంకోపాలి నేనలా కూకోలేనే."

తర్వాతి ఆదివారం పడవ నీడలోనే శిబిరం పెట్టారు. అందరికంటే ముందు గంగాచలం హర్షితని తీసుకుని వచ్చాడు. ఆ పిల్లకి బీపీ నూట అరవై రెండు ఉంది. అంకె వినగానే ఆయన ముఖం తెల్లబోయింది. డాక్టర్ రఫియా మాత్రల చీటీ రాసి చేతిలో పెడితే, రెండు చేతులతో అందుకున్నాడు. ఆ రోజు ముప్పై కాదు, డెబ్భై ఒక్కమంది నెత్తురు ఇచ్చారు. ఎవరి ఫలితం వాళ్లకే చెప్పాలన్నది ఊరి షరతు. ఆ షరతు ముందుగా తప్పింది కూడా గంగాచలమే. కొన్నాళ్లకి హర్షితని చూడ్డానికి అమలాపురం నుంచి వచ్చిన పెళ్లివారికి కాఫీలు ఇస్తూ, "మా పిల్లకి నరం పల్చనండి. మాత్రేసుకుంటంది, తలనొప్పి పోయింది. మరి మీ అబ్బాయికి బీపీ ఎంతండీ?" అని అడిగాడట. అబ్బాయి తండ్రి తెల్లమొహం వేశాడట. అబ్బాయి మాత్రం అక్కడికక్కడే చెయ్యి చాపి చూపించుకున్నాడు. ఆ సంబంధం కుదిరింది.

లోవ తన ఫలితం ఉన్న కవరు కేంద్రంలో తెరవలేదు. ఇంటికి తెచ్చి అమ్మమ్మ ఎదుట చింపింది. చదివి, "ఉంది" అంది.

నూకరత్నం ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత లేచి, కాలు ఈడ్చుకుంటూ వంటింట్లోకి వెళ్లి, ఉప్పు చేపల డబ్బా తీసుకెళ్లి పక్కింటి వాళ్లకి ఇచ్చేసి వచ్చింది.

ఆ పూట వండిన పులుసు నాలిక మీద పెట్టుకుని లోవ కంచం పక్కకి జరిపింది.

"ఇదేం కూర అమ్మమ్మా? ఉప్పే లేదు."

"నోర్మూసుకుని తిను."

"కొంచెం వెయ్యవే."

"వెయ్యను."

"చిటికెడు."

"నువ్వు డెబ్భయ్యేళ్లు బతికేక ఏత్తాను" అని నూకరత్నం ఇంకో గరిటెడు పులుసు ఆమె కంచంలో పోసింది.